పియానో అంత పెద్దగా ఉన్నా మనిషే ఎలా కనిపిస్తాడు?

ప్రశ్న: ఆర్నాల్డ్ న్యూమన్ 1946లో తీసిన సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ ఫోటోలో మనిషి ఎడమవైపు కింది మూలన చిన్నగా ఉంటాడు, మిగతాదాంట్లో ఎక్కువగా కనిపించేది పియానో మూతే. అయినా చూపు ఆయన మీదే ఆగుతుంది. నేను వైణికుల్ని తీస్తే వీణే కనిపిస్తోంది. ఎందుకు?

జవాబు: ఆ మూత నల్లటి ఒకే ఆకారం, వెనక లేతరంగు గోడ. అందులో చూపు పట్టుకునే వివరం ముఖం, తలకు ఆనించిన చెయ్యి మాత్రమే. వీణకు మెట్లు, బిరడాలు, నగిషీ ఉంటాయి. అవన్నీ మెరిస్తే ముఖం ఓడిపోతుంది. కాబట్టి కిటికీ వెలుగు ముఖం మీద పడనిచ్చి, వీణను నీడవైపు ఉంచండి. దండి, అంటే వీణ పొడవాటి కాడ, గీతలా వైణికుడి మెడనో గడ్డాన్నో కోసినట్టు కనిపించకూడదు. కెమెరాను కాస్త పైకి లేపితే విడిపోతుంది.

వైడ్ లెన్స్‌తో దగ్గరికి వెళ్లకండి, ముందున్న కుండ (వీణ గుండ్రటి భాగం) ఉబ్బిపోయినట్టు కనిపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరాలో 50 ఎంఎం లెన్స్, రెండు మీటర్ల దూరం, ఎఫ్/8 అపెర్చర్ (లెన్స్ రంధ్రం) చాలు.

చుట్టూ ఖాళీ వదిలి తీయండి, తర్వాత కత్తిరించుకోవచ్చు. న్యూమన్ కూడా ఆ నెగెటివ్‌ను బాగా కత్తిరించాకే ఆ కూర్పు కుదిరింది. అంత గొప్ప ఫోటోను, తీయమన్న హార్పర్స్ బజార్ పత్రిక వద్దనడం ఆశ్చర్యమే!