కౌలు చేలో దొరికిన మెరిసే రాయి ఎవరిది?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. ఐదెకరాలు కౌలుకు చేస్తున్నాను. మొన్న వాన వెలిశాక కలుపు తీస్తుంటే నా భార్యకు శనగగింజంత మెరిసే రాయి దొరికింది. ఒక వ్యాపారి నలభై వేలు ఇస్తాను, రేపటికల్లా తేల్చమంటున్నాడు. భూమి యజమాని సగం అడుగుతున్నారు. ప్రభుత్వానికి అప్పగించకపోతే జైలేనని ఊళ్లో అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ వ్యాపారికి మాట ఇవ్వకండి. అదేం రాయో తేలకుండా బేరం కుదుర్చుకుంటే తర్వాత ఏ కోర్టుకెళ్లినా ఆ నష్టం పూడ్చుకోవడం కష్టం.

అది వజ్రమో కాదో తేల్చుకోవడానికి సుత్తితో మాత్రం కొట్టి చూడకండి. వజ్రం గట్టిదే, కానీ దెబ్బకు చీలిపోతుంది. మీ ప్రాంతంలో వానకు కడిగినట్టు మెరిసే వాటిలో పలుగురాళ్లే ఎక్కువ. అంతే పరిమాణం నీటికన్నా పలుగురాయి 2.65 రెట్లు, వజ్రం 3.52 రెట్లు బరువుంటుంది. అయితే పుష్యరాగం (టోపాజ్) కూడా దాదాపు వజ్రమంత బరువే తూగుతుంది. కాబట్టి తూకంతో పలుగురాయి కాదని తెలుస్తుందే తప్ప వజ్రమని రుజువు కాదు. రత్నాలు పరీక్షించే ల్యాబ్‌కు మీరే స్వయంగా తీసుకెళ్లండి. అప్పగించేటప్పుడు బరువు, ఫొటో ఉన్న రసీదు తీసుకోండి. వేరొకరి చేతికిచ్చి పంపవద్దు.

ఇక హక్కు సంగతి. 1878 నాటి నిక్షేపాల చట్టం కింద, పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. అది భూమిలో దాచిన వస్తువుల గురించి. సహజంగా పుట్టిన రాయి దాని కిందికి రాదని నా అభిప్రాయం. మీ రాయికి సాన పట్టినట్టో, రంధ్రం చేసినట్టో కనిపిస్తే మాత్రం వెంటనే చెప్పాల్సిందే.

మీకు రుచించకపోయినా ఒకటి చెప్పాలి. కౌలు మీకు సాధారణంగా పంట మీదే హక్కు ఇస్తుంది. భూగర్భ ఖనిజంపై హక్కు, చట్టప్రకారం తీసేసుకుంటే తప్ప, మామూలుగా భూమి యజమానిదేనని 2013లో కేరళ భూముల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీ యజమాని సగమే అడగడం అన్యాయం కాదు, మీకే మేలు. ఆ మాటను ఇద్దరు సాక్షుల ముందు కాగితం మీద పెట్టించండి. అంతకన్నా ముందు ఆ భూమి రికార్డులైన అడంగల్, 1బి చూడండి. అది డీకేటీ పట్టా (ప్రభుత్వం కేటాయించిన భూమి) అయితే ఖనిజాలపై ప్రభుత్వం హక్కు ఉంచుకుని ఉండొచ్చు, షరతులు చదవాలి. రిజర్వు ఫారెస్టులో ఏరిన రాయైతే కథే వేరు, అటవీ చట్టం కింద కేసవుతుంది.

జైలు భయం పూర్తిగా ఉత్తది కాదు. 1957 గనుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజం కోసం తవ్వితే ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. కలుపు తీస్తుంటే కంటపడ్డ ఒక్క రాయిని గని తవ్వకం అనలేం. కానీ ఇప్పుడు ఆశతో చేను గుంతలు తవ్వితే ఆ సెక్షనే మీ మెడకు చుట్టుకుంటుంది. ఖనిజాన్ని నిల్వ చేయడానికి, తరలించడానికి కూడా నిబంధనలున్నాయి. అందుకే ల్యాబ్ రిపోర్టు వజ్రమని తేలిస్తే, అమ్మకముందే గనుల శాఖ జిల్లా కార్యాలయంలో రాతపూర్వకంగా తెలిపి, అందినట్టు సంతకం తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారానే పుచ్చుకోండి. రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పదు.