నాస్ (నెట్‌వర్క్‌లో అందరూ ఫైళ్లు దాచుకునే స్టోరేజ్ పెట్టె) పింగ్‌కి, అంటే అందుబాటులో ఉందా అని అడిగే చిన్న సందేశానికి, జవాబిస్తోంది, విండోస్‌లో దాని ఫోల్డర్ మాత్రం తెరుచుకోవడం లేదు. ఎందుకు?

పింగ్ వస్తోందంటే కేబుల్, ఐపీ అడ్రస్ బాగానే ఉన్నట్టు. నాస్ పేరుకు బదులు ఐపీ అడ్రస్‌తో ఫోల్డర్ తెరిచి చూడండి. తెరుచుకుంటే చిక్కు పేరు దగ్గరే. లేదంటే ఫైల్ షేరింగ్ నడిచే 445 పోర్ట్‌ని ఫైర్‌వాల్ ఆపుతోందేమో చూడాలి.

నాస్ పాతదైతే మాత్రం నా మొదటి అనుమానం ఎస్ఎంబీ (విండోస్, నాస్ ఫైళ్లు పంచుకోవడానికి వాడే పద్ధతి) వెర్షన్ మీదే. 2017 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఎస్ఎంబీ 1ని తీసేయడం మొదలైంది. మీ నాస్‌కి అదొక్కటే తెలిస్తే రెండింటికీ మాట కలవదు. దయచేసి దాన్ని విండోస్‌లో మళ్లీ ఆన్ చేయకండి. అదే ఏడాది వానాక్రై అనే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ ఎన్నో కంప్యూటర్లకు పాకింది ఎస్ఎంబీ 1లోని లోపం వల్లే. నాస్ ఫర్మ్‌వేర్ (దాని లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, దాని సెట్టింగ్స్‌లో ఎస్ఎంబీ 2 లేదా 3 ఎంచుకోండి.

సరైన పాస్‌వర్డ్ కొట్టినా ఒప్పుకోకపోతే, విండోస్ పాస్‌వర్డ్‌లు దాచే క్రెడెన్షియల్ మేనేజర్‌లో సేవ్ అయి ఉన్న పాతదాన్ని తీసేయండి.