టెక్ సందేహాలు: ఐ5 అంటే ఏ ఐ5?

ప్రశ్న: మా అమ్మాయికి నెల్లూరులో బి.టెక్ కంప్యూటర్ సైన్స్ సీటు వచ్చింది. రోజూ కావలి నుంచి రైల్లో వెళ్లి వస్తుంది. అరవై వేల లోపు ల్యాప్‌టాప్ చూస్తున్నాం. ఒక షాపులో ఐ5 చూపించారు, పెట్టె మీద 1335యూ అని ఉంది. ఇంకో షాపులో రైజెన్ 5 చూపించి, అదీ ఐ5తో సమానమే, పది వేలు తక్కువ అన్నారు. దాని మీద 7520యూ అని ఉంది. అమ్మాయేమో గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలంటోంది. ఏది కొనమంటారు?
– ఒక తండ్రి, కావలి

జవాబు: పెట్టె మీది అంకెలు రాసుకుని వచ్చారు చూడండి, సగం పని అక్కడే అయిపోయింది. చాలామంది ‘ఐ5 అండీ’ అని మాత్రమే రాస్తారు. ఐ5 అనేది ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లకు, అంటే ల్యాప్‌టాప్ మెదడుకు, ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో తాతా ఉంటాడు, మనవడూ ఉంటాడు. ఎవరితో మాట్లాడుతున్నామో ఆ వెనక అంకెలే చెబుతాయి. 1335యూలో ముందున్న 13 అంటే పదమూడో తరం. చివరి యూ అంటే కరెంటు పొదుపుగా వాడే రకం. అక్కడ హెచ్ ఉంటే వేగం ఎక్కువ, దాంతోపాటు వేడీ, ఫ్యాను రొదా ఎక్కువ. ఇప్పుడొచ్చే కొన్నింటికి ఇంటెల్ ‘ఐ’ తీసేసి కోర్ 5, కోర్ అల్ట్రా 5 అని పేర్లు పెట్టింది. అది చూసి కంగారు పడకండి.

ఏఎండీ కంపెనీ ప్రాసెసరైన రైజెన్ సంగతి ఇంకొంచెం తిరకాసు. ఏడు వేల వరసలో మొదటి అంకె చూసి కొత్తదనుకుంటాం. అసలు గుట్టు మూడో అంకెలో ఉంది. 7520లో అది 2. అంటే లోపలున్నది 2019లో వచ్చిన జెన్ 2 రకం డిజైను, నాలుగు కోర్లు (పని చేసే చేతుల్లాంటివి). పక్కనే ఉండే 7530యూలో మూడో అంకె 3. అది జెన్ 3, ఆరు కోర్లు. ఒక్క అంకె తేడా, పనిలో మాత్రం చాలా తేడా. ఆ పది వేలు ఎందుకు తగ్గాయో షాపు అతను చెప్పకపోయినా పెట్టె చెబుతోంది. పైగా 7520యూ ఉన్న ల్యాప్‌టాప్‌లలో ర్యామ్, అంటే తెరిచిన పనులను పట్టి ఉంచే జ్ఞాపకశక్తి, బోర్డుకు అతికించే వస్తుంది. 8 జీబీతో కొంటే ఎప్పటికీ 8 జీబీయే.

ర్యామ్ విషయంలో నేను మొండివాణ్ణి. కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలకు 16 జీబీ ఉండాలి. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, పక్కన బ్రౌజర్‌లో పది ట్యాబులు పెట్టుకుంటే 8 జీబీ ఊపిరాడక గిలగిల్లాడుతుంది. ఇప్పుడు 8తో కొని తర్వాత పెంచుకుందామనుకుంటే, ఖాళీ స్లాటు ఉందా అని బిల్లు కట్టక ముందే అడగండి. ఫైళ్లు దాచుకునే ఎస్ఎస్‌డీ 512 జీబీ చాలు. తెర వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని కనిపిస్తే రంగులు వెలిసిపోయినట్లు ఉంటాయని అర్థం. కోడ్ రాసుకోవడానికి పరవాలేదు, ఫొటోలు దిద్దే పనికి పనికిరాదు.

ఇక గేమింగ్ ల్యాప్‌టాప్. మొదటి ఏడాది సీ, పైథాన్ నేర్చుకోవడానికి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు. తర్వాత మెషీన్ లెర్నింగ్ వైపు వెళ్లినా, గూగుల్ కోలాబ్‌లో పరిమితంగానైనా ఉచితంగా జీపీయూ, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్, ఇంటర్నెట్‌లోనే దొరుకుతుంది. ఇదంతా పక్కన పెట్టి ఒక్క పని చేయించండి. షాపులో ఆ ల్యాప్‌టాప్‌నూ, దాని ఇటుకంత అడాప్టర్‌నూ అమ్మాయి సంచిలోనే పెట్టి, పావుగంట భుజాన వేసుకుని నిలబడమనండి. ఉదయం పూట కిక్కిరిసిన రైలు పెట్టెలో సీటు దొరకని రోజున మోయాల్సింది అదే. బరువు కిలోన్నర అటూ ఇటూ ఉన్నది చూసుకుంటే మేలు.

నా ఓటు 1335యూకే, 16 జీబీతో వస్తే. కొనే ముందు ఆ కంపెనీ సర్వీసు సెంటరు నెల్లూరులో ఉందా, ప్రతిదానికీ చెన్నై పంపాలా అన్నది కనుక్కోండి. అమ్మాయికి నా మీద కోపం వస్తే రానివ్వండి.

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నాను. మ్యాక్‌బుక్ ఎయిర్ కొనవచ్చా?
– విద్యార్థి, ఒంగోలు

జవాబు: మంచి యంత్రం, మీకు మాత్రం వద్దు. ఆటోక్యాడ్‌కు మ్యాక్ రూపం ఉంది కానీ కట్టడాల డిజైనుకు వాడే స్టాడ్ ప్రో, రెవిట్ విండోస్ మీదే నడుస్తాయి.

ప్రశ్న: చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు చూస్తాను. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు తప్ప వేరే పని లేదు. ఐ5 8250యూ, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న పాత ల్యాప్‌టాప్. బాగా వేడెక్కి మధ్యలో ఆగిపోతోంది, తెరుచుకోవడానికి అయిదు నిమిషాలు పడుతోంది. ఐ7 కొనమని యజమానికి చెప్పనా?
– అకౌంటెంటు, చీమకుర్తి

జవాబు: ఇప్పుడే చెప్పకండి. రాయిని నీళ్లు పోస్తూ కోసినా, ఆ బురద ఆరాక పొడిగా లేచి ఆఫీసు గదిలోకీ వస్తుంది. మీలాంటి చోటు నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌ ఒకటి విప్పి చూశాను. ఫ్యాను పక్కన వేడిని బయటకు పంపే సన్నని రేకుల మధ్య బూడిదరంగు దుమ్ము అట్టముక్కలా గట్టిపడి ఉంది. పట్టకారుతో లాగితే అలాగే ఊడివచ్చింది. గాలి పోయే దారి మూసుకుపోతే ఐ7 అయినా ఆగిపోవాల్సిందే. తెలిసినవారి చేత విప్పించి శుభ్రం చేయించండి, ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు కొత్తది వేయించండి.

అదే రోజు హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టించండి. పాత డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్ఎస్‌డీ 500 ఎంబీ దాటుతుంది. దానికి ముందు ట్యాలీ డేటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోవడం మరిచిపోవద్దు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీది ఎనిమిదో తరం కాబట్టి విండోస్ 11 ఎక్కుతుంది. ఏడో తరమైతే కొత్తది కొనమనే చెప్పేవాణ్ణి.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన తెలుగు మాస్టారిని. వ్యాసాలు టైపు చేసుకోవడానికి సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొందామని ఉంది. బ్యాటరీ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?
– ఒక పాఠకుడు, కందుకూరు

జవాబు: మాస్టారూ, అమ్మేవారి మాట కన్నా విండోస్ మాట నమ్మండి. ఆదేశాలు టైపు చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్, దానికి ఆనించి బ్యాటరీరిపోర్ట్ అని ఇంగ్లీషు అక్షరాల్లో (powercfg /batteryreport) కొట్టండి. ఒక ఫైలు తయారై, అది ఎక్కడ ఉందో కింద చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ అంటే పుట్టినప్పటి శక్తి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అంటే ఇప్పటి శక్తి. మొదటిది 50,000 ఉండి రెండోది 25,000 ఉంటే సగం అయిపోయినట్లే. కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. కంపెనీల నుంచి వచ్చిన పాతవాటికి ఒక్కోసారి విండోస్ కన్నా ముందు నడిచే బయోస్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, అది తీసి ఇస్తేనే డబ్బులివ్వండి.

తెలుగు టైపింగ్ కోసం వేరే సాఫ్ట్‌వేర్ కొననక్కరలేదు. విండోస్ భాషల సెట్టింగుల్లో తెలుగు చేర్చి, కీబోర్డుల్లో ‘తెలుగు ఫొనెటిక్’ ఎంచుకోండి. అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడుతుంది.