వేటగాడి కథ రాస్తున్న మా అమ్మికి

శ్రీకాళహస్తి

చిరంజీవి అమ్మికి పెదనాయన ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు అధ్యాయాలు నిన్న రాత్రి ఒకసారి, ఈ పొద్దున మళ్లీ ఒకసారి చదివాను. భాష బాగుంది. కొండ మీద పొద్దు పొడిచిన వర్ణన చాలా బాగుంది. కానీ మొదటి పేజీలోనే నీ వేటగాడు బాణం వేస్తాడు, పులి దబ్బున పడిపోతుంది. అక్కడ నా మనసు ఒప్పలేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతానని ఉత్తరం రాస్తున్నా.

వేటలో చంపడం చిటికెలో అయిపోయే పని. జాడ చూడటం, మాటు వేసి కాచుకోవడం, మోసుకురావడం, పంచుకోవడం, వేట అంటే ఇవన్నీ. నీ కథ అక్కడ ఉంటే నేను ఒక్క పేజీ కూడా వదలకుండా చదువుతాను.

నా చిన్నప్పుడు వరికోతలు అయ్యాక మన పొలానికి ఒక యానాది పెద్దాయన ఎలుకలు పట్టడానికి వచ్చేవాడు. గట్టు వెంబడి వంగి నడిచేవాడు. ఒక్కో కలుగు దగ్గర ఆగి, ఎలుక బయటికి తోసిన మట్టిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. మట్టి ఇంకా తడిగా ఉంటే అక్కడే కూర్చునేవాడు. కలుగు మూతికి సాలెగూడు కనిపిస్తే దాని జోలికే పోడు. తర్వాత ఆ కలుగుకున్న మిగతా దారులన్నీ వెతికి బంకమట్టితో మూసేవాడు. ఒక్కటి వదిలినా ఆ పూట కష్టమంతా వృథా. అడుగున బొక్క పెట్టిన కుండలో ఎండుగడ్డి కూరి, నిప్పు రాజేసి, కుండ మూతిని కలుగుకు ఆనించి, ఆ బొక్కలోంచి పొగ లోపలికి ఊదేవాడు. కళ్లలో నీళ్లు ధారగా కారుతున్నా ఆపేవాడు కాదు. చాలాసేపటికి తవ్వడం మొదలుపెట్టేవాడు. ఎలుకలతో పాటు అవి దాచుకున్న వరికంకులు కూడా తీసి తువ్వాలులో మూట కట్టుకునేవాడు. ఎలుకను ఎలా కొట్టాడో నాకు ఇప్పుడు గుర్తు లేదు. మట్టి నలిపిన ఆ వేళ్లు మాత్రం అరవై ఏళ్లయినా కళ్ల ముందే ఉన్నాయి. నీ వేటగాడికి అలాంటి వేళ్లు ఇవ్వు.

పులిని కూడా తీసెయ్యమని నా సలహా. ఇంట్లో పొయ్యి మీదికి ఎసరు పెట్టాల్సినవాడు పులి వెంట పడడు. కుందేలు, ఉడుము, అడవిపంది, కంజు పిట్ట, ఇవి చూసుకుంటాడు. పులివేట రాజుల సరదా. మన పురాణాలు చూడు, రాజు వేటకు వెళ్లాడంటే ఏదో ఒక ఉపద్రవం వస్తుంది. దశరథుడు కంటితో చూడకుండా చప్పుడును బట్టి బాణం వేశాడు. ఏనుగు నీళ్లు తాగుతోందనుకున్నాడు, తీరా చూస్తే కుండ ముంచుకుంటున్న ముని కుమారుడు. పాండురాజు లేళ్ల జంటను కొట్టి శాపం తెచ్చుకున్నాడు. పరీక్షిత్తు వేటలో దాహమేసి, చిరాకులో శమీక మహర్షి మెడలో చచ్చిన పాము వేశాడు. మన ఏడుకొండలవాడి కథలో కూడా ఏనుగును తరుముకుంటూ వచ్చిన శ్రీనివాసుడు నారాయణవనం తోటలో పద్మావతీదేవి చెలికత్తెల చేత రాళ్ల దెబ్బలు తిన్నాడు. తిరుమలలో సంక్రాంతి రోజుల్లో జరిగే పార్వేట ఉత్సవం నువ్వు చూశావు కదా, అది కూడా రాజవేటే. నీ కథలో బతుకు కోసం వేట ఉంది. ఆ తేడా నీకు బాగా తెలిస్తే పాఠకుడికి కూడా తెలుస్తుంది.

ఇక తిన్నడి సంగతి. తర్వాత కన్నప్ప అయిన ఆ తిన్నడి కథను మన ఊళ్లో ఎన్నిసార్లు విన్నా, వేట తెలిసినవాడి కథగా వినడం తక్కువ. చిన్నప్పటి నుంచి అందరం కళ్లు పెకలించిన ఘట్టం దగ్గరికే పరిగెత్తుతాం. అంతకు ముందు ఏముందో నిదానంగా చూడు. స్వామికి నీళ్లు నోట్లో పట్టుకొచ్చాడు, పూలు జుట్టులో పెట్టుకొచ్చాడు. ఎందుకు? ఒక చేతిలో విల్లు, ఇంకో చేతిలో మాంసం ఉన్న ఆకుదొప్ప. అడవిలో తిరిగేవాడు విల్లు కింద పెట్టడు. అందుకే ఉన్న నోటినీ, జుట్టునీ వాడుకున్నాడు. మాంసం రుచి చూసి మెత్తటి ముక్కలే పెట్టాడు. రాత్రి మృగాలు వస్తాయేమో, దేవుడు ఒంటరిగా ఉన్నాడే అని విల్లు పట్టుకుని తెల్లవార్లూ కాపలా కాశాడు. స్వామి కంట రక్తం కారగానే ముందు ఈ పని ఎవరు చేశారని చుట్టూ వెతికాడు, తర్వాత ఆకుపసర్ల కోసం పోయాడు, అది కూడా పని చేయకపోతే మాంసానికి మాంసమే మందని వాళ్లలో చెప్పుకునే మాట గుర్తొచ్చింది. రెండో కన్ను తీసేటప్పుడు చోటు తప్పకుండా కాలితో గుర్తు పెట్టుకున్నాడు. ప్రతి అడుగులో అడవి మనిషి ఆలోచనే ఉంది. పన్నెండో శతాబ్దంలో తమిళంలో సేక్కిళారు, పదహారో శతాబ్దంలో మన ధూర్జటి, ఇద్దరూ ఈ కథ చెప్పారు. ధూర్జటి పద్యాలు మన ఇంట్లోనే ఉన్నాయి, వచ్చినప్పుడు తీసుకెళ్లు.

నువ్వు నాలుగో అధ్యాయంలో పాతకాలపు గుంపులోకి వెళ్తానన్నావు. దానికి దూరం పోనక్కర్లేదు. మన రేణిగుంట దగ్గర రాళ్లకాలువ వెంబడి పాతరాతియుగం చివరి దశ నాటి రాతి పనిముట్లు దొరికాయి, సన్నటి పలకల్లాంటి బ్లేడులు, చెక్కడానికి వాడే మొనలు. నువ్వు బస్సులో పోయే దారి పక్కనే ఎవరో కూర్చుని రాయి చెక్కారన్నమాట. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఒక గుహ గోడ మీద పందుల్నీ పొట్టి దున్నల్నీ చుట్టుముట్టిన చిన్న చిన్న ఆకారాల బొమ్మ ఉంది. కనీసం 43,900 ఏళ్ల నాటిదని 2019లో ప్రకటించారు. ఆ వేటగాళ్లలో కొందరికి జంతువుల ముక్కులు, తోకలు ఉన్నాయి. అంటే వేట గురించి కల్పించి చెప్పడం అంత పాతది. నువ్వు చేస్తున్నది కూడా అదే.

మాంసం పంచుకునే ఘట్టం నువ్వు రెండు వాక్యాల్లో ముగించావు. దాన్ని పెంచు. ఆఫ్రికాలో కలహారి ఎడారిలోని సాన్ జనంలో మాంసం పంచే హక్కు బాణం వేసినవాడిది కాదు, బాణం ఎవరిదో వాళ్లది. అందుకని ఒకరి బాణాలు ఒకరు తీసుకుంటారు. పెద్ద జంతువును కొట్టుకొచ్చినవాడిని ఎవరూ పొగడరు, ‘ఇంత బక్కదాని కోసమా మమ్మల్ని పిలిచావు’ అని ఎత్తిపొడుస్తారు. వాడికి గర్వం పెరగకూడదని. వాళ్ల బాణాలకు ఒక రకం పురుగు నుంచి తీసిన విషం పూస్తారు. పెద్ద జంతువు పడటానికి ఒక రోజు కూడా పట్టవచ్చు, అప్పటిదాకా జాడ పట్టుకుని నడవాల్సిందే. నీ పులి దబ్బున పడటం నాకు ఎందుకు నచ్చలేదో ఇప్పుడు అర్థమవుతుంది. మన అర్జునుడికీ కిరాతుడి వేషంలో ఉన్న శివుడికీ వచ్చిన తగాదా కూడా ఇదే కదా, పంది ఎవరి బాణానికి పడిందని! నీ గుంపులో కూడా ఆ తగాదా పెట్టు, ఎలా తీరిందో ఒక ముసలమ్మ చేత చెప్పించు.

ముసలమ్మ అని ఊరికే అనలేదు. నీ కథలో ఆడవాళ్లు గుడిసె ముందు ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఇది నాకు బాధ కలిగించింది, అదీ నువ్వు రాశావంటే. అలాంటి సమాజాలు చాలావాటిలో రోజూ కడుపు నింపేది ఎక్కువగా ఆడవాళ్లు ఏరి తెచ్చే దుంపలు, కాయలు, గింజలే. పెరూలో 9,000 ఏళ్ల నాటి సమాధిలో బల్లేల రాతిమొనలతో పాటు పాతిపెట్టిన ఒక పడుచుపిల్ల ఎముకలు దొరికాయి, 2020లో ఆ సంగతి బయటికొచ్చింది. అహోబిలం నరసింహస్వామి మనసు పడిన చెంచులక్ష్మి చేతిలో విల్లు లేకుండా మన జనం ఎప్పుడైనా ఊహించారా? నీ నాయిక చేతికి కూడా పని ఇవ్వు.

ఒక మాట గట్టిగా చెబుతున్నా. రెండో అధ్యాయంలో ‘దొంగ ఎరుకలవాడు’ అని ఒక పాత్ర చేత అనిపించావు, పక్కన ఎవరూ మారు మాట్లాడలేదు. ఆంగ్లేయులు 1871లో నేరస్థ తెగల చట్టమని తెచ్చారు, 1911లో దాన్ని మన వైపుకూ విస్తరించాక ఎరుకలవాళ్లను కూడా దాని కింద పెట్టి పుట్టుకతోనే దొంగలన్నారు. అది 1952లో రద్దయింది, మాట మాత్రం నోళ్లలో ఉండిపోయింది. నీ పాత్ర అనాల్సి వస్తే అననీ, విన్నవాడి ముఖం కూడా చూపించు.

అనుభవం కోసమని శేషాచలం అడవిలోకి అనుమతి లేకుండా పోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. యానాది కాలనీకి వెళ్తే ‘మీరు ఏం కొడతారు’ అని అడగకు, భయపడతారు, పాపం వాళ్లకు లేనిపోని టెన్షన్. ‘మీ తాత ఏం చెప్పేవాడు’ అని అడుగు. టీ తాగి, వాళ్లు చెప్పినంత విని, సెల్‌ఫోన్ జేబులోంచి తీయకుండా కూర్చో.

శివరాత్రికి ఎలాగూ వస్తావుగా. ఆ జనంలో కాదు, తర్వాత వారం ఉండిపో. పొద్దున్నే ఎండ ఎక్కకముందు కన్నప్ప కొండ ఎక్కుదాం. పైనుంచి స్వర్ణముఖి కనిపిస్తుంది. తిరగరాసిన మొదటి అధ్యాయం అక్కడ చదివి వినిపించు, పులి లేకుండా.

మీ పెద్దమ్మ చింతపండు పచ్చడి పెట్టింది, నీ వాటా జాడీలో పక్కన తీసి ఉంచింది.

నీ పెదనాయన