పాత కారు బెల్టు కోసం యాప్ అప్పా?

ప్రశ్న: మా కారు 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. ఉదయం స్టార్ట్ చేయగానే కీచుమని అరుస్తోంది. ఇంజిను బయట తిరిగే డ్రైవ్ బెల్టు, దాన్ని బిగించి పట్టే టెన్షనర్, దానికి దారి చూపే ఐడ్లర్ పుల్లీ అరిగిపోయాయని, మూడూ మార్చాలని మెకానిక్ అంటున్నాడు. వాడిన కారు కొన్నాం కాబట్టి, పిస్టన్లనూ వాల్వులనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కూడా తెలియదు. నెలనెలా చేసే నా పొదుపంతా ఈక్విటీ ఫండ్లలో ఉంది. బ్యాంకు ఖాతాలో ఆ నెల ఖర్చులకు మించి ఉండదు. ఫోనులోని ఒక యాప్ పది నిమిషాల్లో అప్పు ఇస్తానంటోంది. అది తీసుకుని అన్నీ మార్పించాలా? బెల్టు ఒక్కటే మార్పించి మిగతావి తర్వాత చూసుకోవచ్చా? లేక వాయిదాల మీద కొత్త కారు కొనడం మేలా?

జవాబు: ముందు యాప్ సంగతి తేల్చేద్దాం. ఆ అప్పు తీసుకోకండి. ఉదాహరణకు నెలకు 3 శాతం వడ్డీ అంటే వినడానికి చిన్నదే. తీర్చకుండా వదిలేస్తే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఇలాంటి అప్పుల్లో చాలావాటికి ప్రాసెసింగ్ రుసుమును ముందే కోసుకుని మిగిలింది చేతిలో పెడతారు, వడ్డీ మాత్రం పూర్తి మొత్తం మీద లెక్కకడతారు. ఒక్క వాయిదా తప్పితే జరిమానా అదనం. ఏటా ఇంత రాబడి ఇస్తుందని మీరు నమ్ముకోగల ఈక్విటీ ఫండ్ ఎక్కడా లేదు. అటు పెట్టుబడి పెడుతూ ఇటు ఇంత వడ్డీకి అప్పు తెచ్చుకుంటే మీ సంపద పెరగదు, తరుగుతుంది.

మీ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం మాత్రం ఆ యాప్ కాదు. నెలనెలా క్రమం తప్పకుండా పెట్టుబడి పెట్టే మనిషి, బెల్టు మార్పించడానికి అప్పు కోసం వెతుక్కోవలసి వచ్చింది. నా దగ్గరకు వచ్చే చాలామందిలో ఇదే లోపం కనిపిస్తుంది. పొదుపు ఉంటుంది, కానీ చేయి చాపితే అందే డబ్బు ఉండదు. పైగా ఇది ఊహించని ఖర్చు కూడా కాదు. పొడవునా గాళ్లుండే ఇప్పటి డ్రైవ్ బెల్టులు సాధారణంగా లక్ష నుంచి లక్షా అరవై వేల కిలోమీటర్ల దాకా వస్తాయి. టెన్షనర్ స్ప్రింగు, పుల్లీ బేరింగు కూడా దాదాపు అప్పటికే అలసిపోతాయి. కాబట్టి మీరు ఆ కారు కొన్న రోజే ఈ ఖర్చుకు గడువు ఖరారైంది.

బెల్టు ఒక్కటే మార్పిస్తే డబ్బు మిగులుతుందనుకోవడం పొరపాటు. స్ప్రింగు బలం తగ్గిన టెన్షనర్ కొత్త బెల్టును సరిగా బిగించి పట్టలేదు. బెల్టు జారుతుంది, వేడెక్కుతుంది, త్వరగా అరుగుతుంది. అప్పుడు మళ్లీ అదంతా విప్పాలి, కూలి రెండోసారి ఇవ్వాలి. మెకానిక్ మాట మీద అనుమానముంటే ఇంజిను ఆపి, బెల్టు తీసిన తర్వాత మీ ముందే ఆ పుల్లీలను చేత్తో తిప్పమనండి. బాగున్నది చప్పుడు లేకుండా నున్నగా తిరుగుతుంది. బేరింగు పోయినదైతే గరగరలాడుతుంది, లేదా పక్కలకు ఊగుతుంది. బెల్టు మీద పగుళ్లు లేవని ధీమా పడవద్దు. ఇప్పుడు వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు పగలకుండానే అరిగి, గాళ్లు లోతవుతాయి. అందుకే గేజీతో కొలిపించండి. బెల్టు మీద నూనె గానీ, ఇంజినును చల్లబరిచే కూలెంట్ ద్రవం గానీ పడుతుంటే ముందు ఆ లీకు ఆపించండి, లేకపోతే కొత్త బెల్టు కూడా ఎక్కువ కాలం ఉండదు.

పట్టించుకోకుండా నడిపితే ఏమవుతుందో కూడా చెబుతాను. బెల్టు తెగగానే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఆగి బ్యాటరీ దీపం వెలుగుతుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ అయితే చక్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది. చాలా ఇంజిన్లలో కూలెంట్‌ను తిప్పే నీటి పంపు కూడా ఈ బెల్టుతోనే తిరుగుతుంది. ఉష్ణోగ్రత ముల్లు పైకి వెళుతున్నా ఇంటికి చేరదామని నడిపితే ఇంజిను పై భాగానికీ కింది భాగానికీ మధ్య సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోవచ్చు. బెల్టు సెట్టు ఖర్చు దాని ముందు చాలా తక్కువ.

టైమింగ్ బెల్టు ఇంతకన్నా ప్రమాదకరం. మీ ఇంజినులో ఉన్నది బెల్టో చైనో ముందు తెలుసుకోండి. బెల్టే అయి, మార్చిన రసీదు లేకపోతే, మార్చలేదనే లెక్క వేసుకోవాలి. చాలా ఇంజిన్లలో అది తెగితే పిస్టన్లు వాల్వులను ఢీకొంటాయి. నీటి పంపును టైమింగ్ బెల్టే తిప్పే ఇంజినైతే పంపు కూడా అప్పుడే మార్పించండి, విప్పే కూలి కలిసివస్తుంది. వీటిలో దేనికీ బీమా మీద ఆశ పెట్టుకోవద్దు. సాధారణ మోటారు పాలసీలు అరుగుదలకు, యాంత్రిక వైఫల్యానికి పరిహారం ఇవ్వవు.

మరి డబ్బు ఎక్కడిది? ఈ నెల నుంచి ఫండ్లలో వేసే వాయిదా ఆపేయండి. అది చాలకపోతే, ముందే తీసినందుకు కోత పడని యూనిట్లు కొన్ని అమ్మండి. మార్కెట్ తగ్గి ఉన్నా సరే అమ్మమనే చెబుతాను. ఆ నష్టం ఒక్కసారితో పోతుంది, అప్పు వడ్డీ నెలనెలా వస్తుంది. డ్రైవ్ బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ ఈ వారంలోనే మార్పించండి. టైమింగ్ బెల్టుకు డబ్బు చేతికి వచ్చేదాకా కారు బయటకు తీయకండి. ఆ కొద్ది రోజులు బస్సు ఎక్కితే పోయేదేమీ లేదు.

ఆ తర్వాతే అసలు పని మొదలవుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపడే మొత్తం విడి ఖాతాలో చేరాలి. పొదుపు ఖాతా, డిపాజిట్, లిక్విడ్ ఫండ్ ఏదైనా పరవాలేదు, ఒకటి రెండు రోజుల్లో చేతికి వస్తే చాలు. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా మంచాన పడినా వాడుకోవడానికి ఆ డబ్బు. బెల్టులకు, టైర్లకు, బ్యాటరీకి దాన్ని ముట్టుకోకూడదు. వాటికి ఇంకో చిన్న నిధి పెట్టుకోండి. గత రెండేళ్లలో కారు మరమ్మతులకు అయిన మొత్తాన్ని 24తో భాగించి, పాత కారు కాబట్టి మరో పావు వంతు కలిపి, జీతం వచ్చిన రోజే పక్కన పెట్టండి. కారు నడపని నెలలో కూడా ఆపవద్దు, రబ్బరు వాడకపోయినా వయసుతో పాడవుతుంది.

కొత్త కారు విషయం ఒక్క మాటలో చెప్పాలంటే, బెల్టు సెట్టుకు డబ్బు లేని ఇంట్లోకి ఏళ్ల తరబడి సాగే వాయిదా తీసుకురావద్దు. ఇంజిను లోపల పెద్ద లోపం బయటపడితే ఉన్నదున్నట్టు చెప్పి అమ్మేయడం ఒక దారి, కానీ మీరు రాసినదాన్ని బట్టి అలాంటిదేమీ కనిపించడం లేదు.

ఆరు నెలల నిధి నిండాక ఫండ్లలో వాయిదా మళ్లీ మొదలుపెట్టండి. ఆ యాప్‌ను మాత్రం ఈ రోజే ఫోనులోంచి తీసేయండి.