చెట్టే లేని చోట మొక్కలతో ఏం పని?

ప్రశ్న: ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యూయిట్‌లు సీల్, తిమింగిలం, కారిబూ (ఒక రకం జింక) మాంసంతోనే బతుకుతారని చదివాను. చెట్టే మొలవని ఆర్కిటిక్‌లో వాళ్లకు మొక్కల అవసరం ఏముంటుందండీ?

జవాబు: చెట్లు లేవు గానీ మొక్కలకు లోటు లేదండీ. టండ్రాలో, అంటే చెట్లు లేని ఆ చలి మైదానంలో, అడుగు నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది, వేసవిలో పైపొర మాత్రం కాస్త కరుగుతుంది, ఆ పలచటి పొరలోనే వేళ్లు దించుకుని రెండు మూడు నెలల్లో పూత, కాత, విత్తనం అన్నీ కానిచ్చేయాలి. అందుకే ఆర్కిటిక్ విల్లో అనే పొద పైకి లేవకుండా నేలకు అంటుకుని పాకుతుంది.

తిండి వరకు మీరు చదివింది చాలావరకు నిజమే, మాంసమే ప్రధానం. నన్నడిగితే అక్కడ మొక్క విలువ తెలిసేది దీపం దగ్గర. కుల్లిక్ అని, మెత్తటి రాయిని అర్ధచంద్రాకారంలో తొలిచి చేసే దీపం ఉంది. అందులో సీల్ కొవ్వు వేసి, ఎండిన నాచునీ కాటన్ గ్రాస్ అనే గడ్డికి పూసే దూదినీ కలిపి అంచు పొడవునా వత్తిగా పేరుస్తారు. పాతరోజుల్లో ఇగ్లూలో వెలుతురు, వెచ్చదనం, తాగడానికి మంచు కరిగించడం, మాంసం ఉడకబెట్టడం, తడి బట్టలు ఆరబెట్టడం, అన్నీ దాని మీదే. వత్తి లేకపోతే ఎంత కొవ్వుండి ఏం లాభం? ఆ దూదిని వేసవిలోనే ఏరి దాచుకోవాలి. మంట పొగ రాకుండా సమంగా ఉండేలా వత్తిని సర్దుతూ ఉండడం ఆడవాళ్ల పని, అదంత తేలికేం కాదు. ఇక బయట వంటకైతే ఆర్కిటిక్ హెదర్ అనే చిన్న పొదే వంటచెరకు, అందులో జిగురు ఉండడం వల్ల తడిగా ఉన్నా అంటుకుంటుంది.

తినేవీ ఉన్నాయి. వేసవి చివర్లో క్రోబెర్రీ, క్లౌడ్‌బెర్రీ, బ్లూబెర్రీ ఏరుకుంటారు. మౌంటెన్ సారెల్ పుల్లటి ఆకుల్లో, విల్లో లేత చిగుళ్లలో విటమిన్ సి ఉంటుంది (పచ్చి తిమింగిలం చర్మంలోనూ ఉంటుంది, అది వేరే కథ). వేటాడిన కారిబూ పొట్టలో సగం అరిగిన మేతను కూడా తినేవాళ్లు, వినడానికి మనకు ఎలా ఉన్నా.

ప్రశ్న: భూమి వేడెక్కితే అక్కడ మొక్కలు ఇంకా బాగా పెరుగుతాయి కదా, వాళ్లకు మంచిదేగా?

జవాబు: పెరుగుతున్నాయి, కాకపోతే పొదలు. వాటి నీడ పడితే లైకెన్ (నేల మీద, రాళ్ల మీద నాచులా పెరిగేది) తగ్గిపోతుంది, చలికాలంలో కారిబూలకు ముఖ్యమైన మేత అదే, పైగా అది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఇప్పుడు చలికాలంలో కూడా అప్పుడప్పుడు వాన పడి మంచు పలకలా గడ్డకడుతోంది, అప్పుడు లైకెన్ ఉన్నా ఆ పలక కిందే ఉండిపోతుంది, కారిబూలు గిట్టలతో తవ్వినా అందదు.