మీ ప్రశ్నలు – మా జవాబులు: పాతపేటలో పాత ఇల్లు కొనే ముందు

ప్రశ్న: వన్‌టౌన్‌లో గాంధీ కొండకు దగ్గరగా 140 గజాల మద్రాసు టెర్రస్ (టేకు దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసిన కప్పు) ఇల్లు బేరానికొచ్చింది. దస్తావేజు 1938 నాటిది, అమ్మేవాళ్ళ నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోయారు. కొడుకులిద్దరూ సంతకాలు పెడతామంటున్నారు. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) శుభ్రంగానే ఉంది. అడ్వాన్సు ఇవ్వమంటారా? – ఒక పాఠకుడు, కొత్తపేట, విజయవాడ

జవాబు: ఇప్పుడే వద్దండి. మీరు చూసిన ఈసీ ఆన్‌లైన్‌లో తీసిందైతే అందులో 1983 నుంచి జరిగినవే కనపడతాయి. అంతకుముందు 45 ఏళ్ళలో ఆ ఇంటి మీద తాకట్టు పడిందా, సగం అమ్మేశారా అన్నది అందులో దొరకదు. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దరఖాస్తు పెట్టి పాత పుస్తకాల నుంచి ఈసీ తీయించండి. డోరు నంబర్లు మధ్యలో మారాయి కాబట్టి కొత్త నంబరు, పాత నంబరు, టౌన్ సర్వే నంబరు మూడూ రాయండి. ఒక్క కొత్త నంబరుతో వెతికిస్తే కాగితం ఖాళీగా వస్తుంది, మీరు దాన్ని శుభ్రం అనుకుంటారు.

తర్వాత సంతకాల సంగతి. కొడుకులిద్దరు సరే, కూతుళ్ళెందరు? ఇల్లు ఆయన స్వార్జితమై, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా రాయకుండా పోయుంటే, భార్యకూ కొడుకులకూ కూతుళ్ళకూ, ఆయన తల్లి అప్పటికి బతికుంటే ఆమెకూ సమానంగా వాటా వస్తుంది. పెళ్ళప్పుడు కట్నం ఇచ్చేశాం అన్న మాట చట్టం ముందు చెల్లదు. పిత్రార్జితమైతే, కూతుళ్ళకూ కొడుకులతో సమాన హక్కు ఇచ్చిన 2005 సవరణ లెక్క వేరే చూడాలి. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. తండ్రి పోయాక కూతురు కూడా పోయుంటే ఆమె భర్త, పిల్లలు ఆ వాటాకు వస్తారు. తహశీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెప్పించుకుని, అందులో ఉన్న ప్రతి పేరూ అమ్మకం దస్తావేజులోనో, రిజిస్టరైన హక్కు విడుదల పత్రంలోనో కనపడేదాకా డబ్బు కదపొద్దు. స్టాంపు కాగితం మీద రాసుకుని రిజిస్టరు చేయని పంపకాలు చాలా ఇళ్ళలో ఉంటాయి, వాటిని నమ్ముకుని కొనకండి.

మన వైపు ఇళ్ళలో ఒక వారసుడైనా అమెరికాలో ఉంటాడు. ఆయన అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేసి పంపిన జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. రిజిస్ట్రేషన్ రోజు ఆయనతో వీడియోలో మాట్లాడండి. రాసిచ్చిన మనిషి పోతే జీపీఏ కూడా పోయినట్టే.

వన్‌టౌన్‌లో ఇంకో చిక్కుంది. దేవస్థానానికో వక్ఫ్‌కో చెందిన స్థలాల మీద తరాలుగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళున్నారు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) ఉందేమో అడ్వాన్సుకు ముందే చూడండి. ఇవన్నీ దాటాక ఖర్చు లెక్క: స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 1, మొత్తం 7.5 శాతం. మీ ధర, ప్రభుత్వ విలువ రెండింటిలో ఎక్కువ దాని మీద పడుతుంది. ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి ఆదాయపు పన్ను కింద ముందే మినహాయించేది) పట్టుకుని కట్టాల్సింది కొనేవారే.

టేపు పట్టుకుని చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) కూడా కొలవండి. పక్కింటికీ మీకూ మధ్య గోడ ఒకటే అయితే దస్తావేజులో "ఉమ్మడి గోడ" అని ఉందో లేదో చూడండి. పక్కింటివాళ్ళ దూలాలు కూడా అదే గోడలో దిగి ఉంటే రేపు దాన్ని మీ ఇష్టానికి పడగొట్టలేరు.

ప్రశ్న: అరండల్‌పేటలో పాత డాబా ఇల్లు కొన్నాం. వానొస్తే ముందుగదిలో కారుతోంది. పాత కప్పు మీదే నాలుగంగుళాల స్లాబు పోసేస్తే సరిపోతుందని మేస్త్రీ అంటున్నాడు. చేయించమంటారా? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ససేమిరా వద్దు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గది మీద నాలుగంగుళాల కాంక్రీటు పోస్తే దాదాపు 2,800 కిలోలు. ఆ బరువంతా మోయాల్సింది కింద ఉన్న టేకు దూలాలే.

ఆ మద్రాసు టెర్రస్ కప్పు ఎలా కట్టారో తెలిస్తే ఎందుకు కారుతోందో తెలుస్తుంది. అడుగున్నర దూరంలో దూలాలు, వాటి మీద అంగుళం మందం ఉండే చిన్న టెర్రస్ ఇటుకలు నిలువంచున ఏటవాలుగా పేర్చి, పైన మూడు నాలుగు అంగుళాల సున్నపు కాంక్రీటు, ఆ పైన పలకల పెంకులు. పెంకుల సందులు ఊడిపోయినప్పుడు, నీళ్ళు పోయే తూము ఆకులతో మూసుకున్నప్పుడు, పిట్టగోడ మూలలో రావి మొక్క మొలిచినప్పుడు నీళ్ళు లోపలికి దిగుతాయి. తొంభై పాళ్ళు కారణం ఈ మూడింట్లోనే ఉంటుంది. రావి మొక్కను లాగి పారేస్తే వేరు లోపలే ఉండి మళ్ళీ చిగురిస్తుంది. మొదలు దాకా కోసి, వేరుకు మందు పట్టించి, చచ్చాక ఆ సందును సున్నంతో పూడ్చాలి.

కప్పు ముట్టుకునే ముందు దూలాలు చూడండి. నడుమ కాదు, గోడలోకి దిగిన కొసలు. తేమ అక్కడే నిలుస్తుంది, చెదలు అక్కడే మొదలెడతాయి. తాళంచెవితో తట్టండి. గట్టి టేకు ఖంగుమంటుంది, తిన్న టేకు డొల్లగా పలుకుతుంది. అనుమానం వస్తే స్క్రూడ్రైవరు గుచ్చండి, అర అంగుళం సులువుగా దిగితే ఆ కొస పోయినట్టే. దూలం కింద ఈ గోడ నుంచి ఆ గోడకు దారం లాగి కట్టండి. పది అడుగుల దూలం నడుమ అర అంగుళానికి మించి వంగుంటే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాల్సిందే. కొస మాత్రమే పోతే దూలమంతా మార్చక్కర్లేదు: కింద సరుగుడు బాదులతో కప్పుకు ఆసరా పెట్టి, చెడిన ముక్క కోసేసి, రెండు పక్కలా ఇనుప చానళ్ళు బోల్టులతో బిగించి గోడలో కనీసం ఆరంగుళాలు ఆననివ్వాలి. గోడలో కొస చుట్టూ గాలి ఆడేలా కాస్త సందు వదలాలి. సిమెంటుతో బిగించేస్తే మళ్ళీ కుళ్ళుతుంది.

తర్వాత పెంకులు తీయించి, వదులైన సున్నపు పొర తోడి, ఇటుక ముక్కలు, సున్నం, ఇసుకతో మళ్ళీ వేయించండి. బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు చల్లుతూ చెక్క దిమ్మెలతో మూడు నాలుగు రోజులు కొట్టాలి. ఒక్క పూటలో అయిపోయిందన్నవాడు కొట్టలేదన్నమాట. పది అడుగులకు రెండంగుళాల వాలు తూము వైపు ఉండాలి. వేసవి ఎండకు పొర పగలకుండా తడిగోనెలు కప్పి కనీసం వారం తడిపి ఉంచండి.

ప్రశ్న: బ్రాడీపేట నాలుగో లైనులో పాత సున్నపు గోడల ఇల్లు మాది. కింద మూడడుగుల దాకా ఊడిపోతుంటే సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం. రెండేళ్ళలో అదీ పెచ్చులూడి, ఇప్పుడు తేమ నాలుగడుగులకు ఎక్కింది.

జవాబు: మొదట మీ వీధి మెట్లు లెక్కపెట్టండి. పాత ఫొటో ఉంటే మరీ మంచిది. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ నాలుగైదు అంగుళాలు పెరుగుతుంది కాబట్టి, మూడు మెట్లున్న అరుగుకు ఒకటే మిగులుతుంది. వాననీళ్ళు పునాది పక్కనే నిలిచి గోడలోకి ఎక్కుతాయి. పాత ఇటుక గోడల పునాదిలో తేమ ఆపే పొర చాలావరకు ఉండదు. సున్నపు పూత ఆ తేమను బయటికి వదిలేది. మీరు వేయించిన సిమెంటు ఆ దారి మూసేసింది, తేమ సిమెంటు దాటి పైకెక్కి అక్కడ బయటపడింది. తెల్లగా పొడిలా రాలేది నేలలోని ఉప్పు.

సిమెంటంతా కొట్టేయించి గోడను ఒక ఎండాకాలం వదిలేయండి, రాలిన ఉప్పును బ్రష్‌తో దులపండి. ఇంటి వెంబడి కాలువ తీసి నీళ్ళు దూరంగా పోయేలా చూడండి. రాతి సున్నం కనీసం పదిహేను రోజులు నీళ్ళలో నానబెట్టి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్ళు ఇసుక కలిపి, ఒక్కో పొర అర అంగుళం మించకుండా వేయించండి. పొరకీ పొరకీ మధ్య కొన్ని రోజులు ఆగాలి. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వద్దు, వెల్ల సున్నమే.

గోడలో నిలువు పగుళ్ళుంటే అది వేరే జబ్బు కావచ్చు. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. పగులుకు అడ్డంగా సన్నటి గాజు ముక్క అంటించి తారీకు రాయండి. ఒక వానా ఒక ఎండా గడిచినా గాజు పగలకపోతే పూడ్పించి ఊరుకోవచ్చు. పగిలితే పునాది చూపించాలి.

ప్రశ్న: పాత ఇంటికి బ్యాంకు లోను ఇస్తుందా?

జవాబు: ఇవ్వచ్చు, తక్కువిస్తుంది. వాల్యుయేటరు విలువంతా స్థలానికే కట్టి, ఇంటికి ఇంకా ఎన్నేళ్ళ ఆయుష్షుందో రాస్తాడు. లోను గడువు అంతకు లోపలే ఉంటుంది. బేరం ఖాయం చేసుకోకముందే ఆ నివేదిక రాయించుకోండి.

ప్రశ్న: పాత స్తంభాలు, తలుపులు కొని 200 గజాల్లో మండువా ఇల్లు కొత్తగా కట్టుకోవాలనుంది. చూసుకోవాల్సిందేమిటి? – సత్తెనపల్లి రోడ్డు, గుంటూరు

జవాబు: నీళ్ళు. నాలుగు వైపుల కప్పు కలిపి 800 చదరపు అడుగులైతే, గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు మీ మండువాలోకి 3,700 లీటర్లు దిగుతాయి. నాలుగంగుళాల పైపులు రెండు వేయించి, ముందు మట్టి ఆగే చిన్న గుంట కట్టించండి. ఒక్కటి మూసుకుంటే రెండోది ఇంటిని కాపాడుతుంది. మండువా నేల, చుట్టూ ఉన్న వసారా కన్నా కనీసం ఆరంగుళాలు దిగువన ఉండాలి.

మంగుళూరు పెంకు వంద చదరపు అడుగులకు 150 దాకా పడుతుంది, పదో వంతు అదనంగా తెప్పించుకోండి. రీపర్ల (పెంకులు ఆనే చెక్క పట్టీల) దూరం పుస్తకం చూసి కాదు, చేతికొచ్చిన పెంకులు పది పేర్చి కొలిచి పెట్టించండి. పాత స్తంభం కొనేటప్పుడు అడుగుభాగం చూడండి. నేల తగిలిన చోటే అవి చెడతాయి. కింది కొస కుళ్ళిన స్తంభాన్ని ఆ కుళ్ళిన మేర కోసి, కింద రాతి పీట పెట్టి నిలబెట్టచ్చు, ధర మాత్రం దానికి తగ్గట్టు అడగండి.